కాశీయాత్రికులు ఏనుగుల వీరాస్వామయ్య గారు

చెన్నపట్టణమునకును కాశికిని నడుమ ఆకాశమార్గమున దూరము సుమారు 1,400 కిలోమీటర్లు. నడుమ ఎక్కడను దిగని విమానములో ఇది రెండున్నర గంటల ప్రయాణము. రైలుబండిలో పోయినచో ఒకటిన్నర దినము, ఒక్కొక్కప్పుడు ఇంకను కొంత ఎక్కువ. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము విడచి, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథములు చూచుకొని, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. బయలుదేరిన దినమును, చేరిన దినమును కూడ కలుపుకొన్నచో మొత్తము 474 దినములు. ఈ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాయవలసినదని గ్రంథాలయ కార్యవర్గము వారు కోరినప్పుడు రాజులను, కవులను విడచి ఈ న్యాయస్థానపు దుబాషీని నేను ఎన్నుకొనుటకు ఈ లెక్కయే కారణము. జీవితమంతయు లెక్కలు వ్రాసినవానికి ఇట్టి అంకె కనబడినచోట ఆగక తప్పదు. ఇన్ని దినములు ఎక్కడ వ్యయమయ్యెను? వానికి బదులుగా జమ అయినదేమి?

తెలుగు కావ్యములు చదివినవారికి దూరప్రయాణము క్రొత్త సంగతి కాదు. పెద్దన గారి మనుచరిత్రమున ప్రవరుడు ఊరు కదలని గృహస్థు. తీర్థములన్నియు సేవించి వచ్చిన సిద్ధుడొకడు అతని యింటికి అతిథిగా వచ్చెను. ఇంత చిన్న వయసున ఇన్ని దేశములు ఎట్లు తిరిగితిరని ప్రవరుడు అడుగగా ఆయన పాదలేపమను ఔషధము నొసగెను. అది కాళ్ళకు పూసికొన్న ప్రవరుడు తలచినంతలో హిమాలయమున నుండెను. మరలి రావలెనన్నప్పుడు ఆ లేపము మంచునీటికి కరగిపోయినదని తెలిసెను. నాటి అనుష్ఠానమునకు ఇల్లు చేరవలసినవాడు ఎరుగని చోట చిక్కుకొనెను. ఈ కథలో ఇల్లు కలదు, హిమాలయము కలదు. నడుమ ఒక్క ఊరును లేదు. విమానమెక్కి కాశికి పోయి వచ్చిన మనవారు చెప్పు ముచ్చటలు విన్నప్పుడెల్ల నాకు ఆ పాదలేపమే జ్ఞప్తికి వచ్చును. వీరాస్వామయ్య గారి కథ దీనికి సరిగా విపర్యయము. ఆయన గ్రంథములో నిండియున్నవి నడిమి ఊళ్ళే.

వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతమున జన్మించిరి. వారిది చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు బ్రాహ్మణ కుటుంబము. పసితనముననే తండ్రి గతించుటచే కుటుంబభారము బాలుని మీద పడెను. ఇంగ్లీషు చదువ నేర్చుకొని, పండ్రెండేండ్ల వయసున కుంఫిణీ వారి వర్తకపు కచేరీలో జీతము లేని పనివాడుగా చేరి, పిదప తిరునెల్వేలిలో దుబాషీ పని చేసి, క్రమక్రమముగా చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో ప్రధాన దుబాషీ పదవి పొందిరి. దుబాషీ అనగా రెండు భాషలు తెలిసినవాడు. దొరలకు తెలుగు, అరవము రావు. వాదిప్రతివాదులకు ఇంగ్లీషు రాదు. నడుమ నిలిచి సాక్షి చెప్పిన మాట యొకటి తగ్గకుండ, తనదొకటి చేరకుండ దాటించుట దుబాషీ పని. ఆ మాటపై ఒకని ఆస్తియో, ప్రాణమో ఆధారపడియుండును. ముప్పదియేండ్లకు పైబడి కచేరీలలో అలవడిన ఈ నిదానమే తరువాత ఆయన ప్రయాణ వృత్తాంతమునకును పునాది యయ్యెనని నా తలంపు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వేర్వేరుగా వ్రాయుట కవులకంటె సాక్షులకు తెలిసిన విద్య.

ఏబదియేండ్ల వయసున ఆయన కాశీయాత్రకు సంకల్పించిరి. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటియే యని మన పెద్దలు అనెడివారు. అది వట్టి మాట కాదు. పోవువాడు అప్పులు తీర్చి, ఆస్తి అప్పగింతలు పెట్టి, బంధువులందరి వద్ద సెలవు తీసికొని పోవుట ఆచారము. వీరాస్వామయ్య గారు ఒంటరిగా పోలేదు. కుటుంబ స్త్రీలు, బంధువులు, పరిచారకులు, పల్లకీలు మోయు బోయీలు, డేరాలు, సామానులు మోయువారు అందరును కలిసి ఇంచుమించు నూరుమంది. ఈ నూరుమంది ప్రాణములకును పూచీ ఆయనదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసెదను. మనిషికి దినమునకు అరకిలో బియ్యమనుకొన్నను నూరుమందికి 50 కిలోలు. 474 దినములకు 237 క్వింటాళ్ళు. ఇంత ధాన్యము వెంట మోసికొనిపోవుట అసాధ్యము. అందువలన దిగిన ప్రతి మజిలీలోను బియ్యము, పప్పు, వంటచెరకు, మంచినీరు దొరకవలెను. దొరకనిచో మరునాటి నడక సాగదు. ఆయన వృత్తాంతమున ప్రతి ఊరికిని అది ఎంత దూరమో, బాట రాయియో ఇసుకయో అడుసో, అంగళ్ళు కలవో లేవో, నీరు ఎట్టిదో, దిగుటకు నీడ కలదో తప్పక వ్రాసియుండుటకు ఇదియే కారణము. తొందరపడి చదువువారికి ఇది విసుగుగా తోచవచ్చును. కాని ఆ వాక్యములలో ప్రతి యొక్కటియు నూరుమంది ఆనాటి రాత్రి భోజనమునకు సంబంధించినది. అంతేకాక, తరువాత అదే త్రోవన పోవువారికి ఉపయోగపడవలెనని ఆయన కోరిక. స్నేహితులైన కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళె గారు దారిలోని వింతలు ఎప్పటికప్పుడు వ్రాసి పంపుమని అడిగియుండిరి. ఆ మాట నిలుపుకొని మజిలీల నుండి ఉత్తరములు వ్రాసిరి.

పూర్వము మనవారు దూరమును ఆమడలలో చెప్పెడివారు. ఆమడ యనగా నాలుగు క్రోసులు, ఇంచుమించు ఎనిమిది మైళ్ళు. పిల్లలతో, సామానులతో నడచు గుంపునకు దినమునకు ఆమడ, మహా అయిన ఆమడన్నర. నేటి విమానము ఒక ఆమడను ఒక్క నిమిషములో దాటును. కాబట్టి వారి ఒక దినము మనకొక నిమిషమైనదన్నమాట.

పోవునప్పుడు ఆయన ఎన్నుకొన్నది లోపలి దేశపు బాట. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము చూచుకొని, కృష్ణ దాటి హైదరాబాదు చేరి, అచటి నుండి నాగపురము, జబ్బల్పూరు, వింధ్యభూములు గడచి ప్రయాగకు పోయిరి. వేసవిలో బయలుదేరినందున వానకాలమంతయు దక్కనులోను, నర్మదా ప్రాంతమునను గడచెను. నాగపురపు దేశము మన సీమవలెనే ప్రత్తి పండు నల్లరేగడి. ముసురు పట్టిన రేగడిలో అడుగు తీసి అడుగు వేయుట ఎట్టిదో, చెప్పునకు అంటిన మట్టి ఎట్లు పెరిగి పెరిగి కాలికి బరువగునో మన పాఠకులకు వేరుగ వర్ణింపనక్కరలేదు. భుజముపై పల్లకీ బొంగుతో ఆ మట్టిలో నడచుటను మాత్రము ఊహించుకొనవలెను. వీరాస్వామయ్య గారు కాశీయాత్ర చేసినారని లోకము చెప్పుకొనును. అది సత్యమే. కాని ఆయన చేసినది పల్లకీలో. అంగుళమంగుళమున నడచినవారు బోయీలు. ఆ యాత్రలో వారికిని సగము పాలు కలదని నేననుకొందును.

దేశము మారినకొలది నాణెము మారెను, తూనిక మారెను, మాట మారెను. చెన్నపట్టణపు రూపాయి నైజాము రాజ్యమున అదే విలువకు చెల్లదు. నైజాము రూపాయి భోంసలే వారి నాగపురమున చెల్లదు. మార్పించుకొన్నప్పుడెల్ల షరాబునకు వట్టము. ఇదిగాక నడుమ నడుమ సుంకపు ఠాణాలు.

భయము వేరొకటి కలదు. పిండారీల దోపిడి 1818 నాటికి అణగినది గనుకనే ఇట్టి గుంపు ఆ త్రోవన పోగలిగినది. కాని థగ్గులు అప్పటికి అణగలేదు. యాత్రికులతో స్నేహము కలిపి, కొన్ని మజిలీలు కలిసి నడచి, నమ్మిక కుదిరిన పిమ్మట రుమాలుతో గొంతు బిగించి చంపి, పాతిపెట్టి, సొమ్ము పంచుకొనుట వారి వృత్తి. వీరాస్వామయ్య గారు ఆ సీమ దాటిన ఆ 1830 ప్రాంతముననే స్లీమను అను అధికారి జబ్బల్పూరు కేంద్రముగా వారిని వెదకి పట్టు పని ప్రారంభించి సాగించుచుండెను. ఆ హంతకులు అన్ని ఏండ్లు బయటపడకుండుటకు కారణము వారి నేర్పు మాత్రమే కాదు. దూరమే వారికి తోడు. ఏడాదిదాక తిరిగిరానివానిని గూర్చి ఇంటివారు ఆందోళన పడరు. యాత్ర యన్నచో అంతకాలము పట్టుననియే తలతురు. రెండేండ్లకు అనుమానము కలిగినను విచారించుటకు ఎక్కడని పోవుదురు?

ప్రయాగలో కుంఫిణీ వారు యాత్రికుల నుండి పన్ను గొనుచుండిరి. గయలోను, జగన్నాథములోను అట్లే. త్రివేణిలో మునుగుటకు ముందు రుసుము చెల్లించి చీటి పొందవలెను. వాహనమును బట్టి రుసుము హెచ్చు. ఈ పన్నులు 1840లో శాసనముచే రద్దయ్యెను. ప్రయాగ నుండి గంగమీద పడవలలో కాశి చేరి, అచట విధులన్నియు నెరవేర్చి, మరల పడవలలో పాట్నాకు దిగి, గయలో పితృకార్యము ముగించి, కలకత్తాకు పోయిరి. భూమార్గమున ఆమడకు ఒక దినము పట్టిన వారికి నది వాలున పోవు పడవ ఎంతటి సుఖమో! ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనగోరెదను. ముందు దీనితో పని కలదు.

కుంఫిణీ పాలనను ఆయన మెచ్చుకొన్న తీరు నేటివారికి రుచింపదు. ఆ కొలువులో పెరిగి, ఆ కొలువుచే గౌరవము పొందినవాడు అట్లు వ్రాయుటలో వింత లేదు. బాటలో దొంగభయము తగ్గుట యాత్రికునికి కనబడును. బాటకు ఆవల రైతు కట్టు శిస్తు అంతగా కనబడదు. ఈ యొక్క కొరతను ఒప్పుకొనియే ఆ గ్రంథమును చదువవలెను.

తిరుగు ప్రయాణము సముద్రతీరపు బాటన జరిగెను. జగన్నాథము, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము గడచి, గోదావరిని, కృష్ణను దాటి, బాపట్ల, ఒంగోలు, నెల్లూరుల మీదుగా చెన్నపట్టణము చేరిరి. అనగా 1831 వేసవి చివరను, వాన మొదటను ఆ నూరుమంది మన సీమ నడచి పోయిరి. వారు దిగిన ఊళ్ళలో కొన్నింటికి మన ఊరివారు నేడును పెండ్లి సంబంధములకు పోవుచున్నారు. ఏడాదికి పైగా పరదేశముల వంటకములు, పరభాషలు ఎరిగి వచ్చిన వారికి తెలుగు మాట, చింతపండు పులుసు దొరకు దేశము చేరినప్పుడు కలిగిన ఊరట ఎంతటిదో ఊహింపవచ్చును. అప్పుడు ఈ సీమలో మజిలీకి మజిలీకి బియ్యము దొరకెను. నూరుమందియు తిని నడువగలిగిరి.

వారు బయలుదేరినది వికృతి నామ సంవత్సరము, తిరిగివచ్చినది ఖర. దాని తరువాతిది నందన. ఆ పేరు చెప్పినచో మన తాతల కాలమువరకు ఇండ్లలో పెద్దలు మాట తగ్గించెడివారు. 1832-33లో వానలు తప్పి గుంటూరు సీమలో పైరులు ఎండెను. శిస్తుల భారము అంతకు ముందే రైతును పీల్చియుండెను. నాటి గుంటూరు సీమ జనము ఐదు లక్షలు. అందు మూడవ వంతు, కొందరి లెక్కలో అంతకును హెచ్చు, నశించెను. వీరాస్వామయ్య గారు రెండేండ్లకు ముందు నడచిన ఆ బాటమీదనే జనము గుంపులుగా చెన్నపట్టణమునకు బయలుదేరిరి. చాలమంది చేరలేదు. ఆ బాటకు ఇరుప్రక్కల ఎముకలు తరువాత చాలయేండ్లు తెల్లగా కనబడుచుండెనని నాటి సంగతులు వ్రాసినవారు చెప్పిరి.

ఒంగోలు నుండి చెన్నపట్టణమునకు నేటి రైలు దారి సుమారు 290 కిలోమీటర్లు, ఇంచుమించు ఇరువది రెండు ఆమడలు. ఉదయము రైలెక్కినవాడు మధ్యాహ్న భోజనమునకు అచటికి చేరును. ఆకలితో కదలినవానికి ఆ ఇరువది రెండు ఆమడలు కాశికంటె దూరమైనవి. ధాన్యము ఇటు ఏల రాలేదని అడుగవచ్చును. బండ్లకు తగిన బాట లేదు. ధాన్యము కదలవలెనన్నచో పెరికె యెడ్లమీద రావలెను. ఎద్దు మోయునది కొద్ది. దానికి దారి పొడుగున నీరు, గడ్డి కావలెను. కరువులో మొదట లేకుండ పోవునవి ఆ రెండే. ఎడ్లు పడిపోయినచోట వర్తకము ఆగును; వర్తకము ఆగినచోట ఒక సీమలో గాదెలు నిండియున్నను ప్రక్క సీమలో మనుష్యులు చత్తురు. యాత్రికుడు ప్రతి ఊరియొద్ద అంగళ్ళు కలవా, నీరు కలదా యని ఏల వ్రాసికొనెనో నందన కరువును గూర్చి చదివిన పిమ్మటగాని నాకు సంపూర్ణముగా బోధపడలేదు.

గంగమీది పడవను గుర్తుంచుకొనుమంటిని. తరువాత మన సీమకు వచ్చిన మార్పు నీటితోనే మొదలయ్యెను. బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాము కాలువతో కలియుటచే కృష్ణనీటి నుండి చెన్నపట్టణము వరకు పడవలు నడిచెను. 1899లో బెజవాడకు, చెన్నపట్టణమునకు రైలు కలిసెను. అవతల కాశివద్ద గంగపై రైలు వంతెన 1887 నాటికే సిద్ధమై యుండెను. ఇట్లు డెబ్బదియేండ్లలో కాశీయాత్ర ఏడాది పనిగా నుండక కొన్ని దినముల పని యయ్యెను. కాశికి పోయి తిరిగివచ్చుట వింత కాకుండ పోయెను. నేడు రాత్రి మన ఊరిలో లారీకెత్తిన మిర్చి టిక్కీలు తెల్లవారునప్పటికి గుంటూరు యార్డులో దిగుచున్నవి. శంషాబాదులో ఉదయము విమానమెక్కినవాడు నాటి సాయంకాలమునకు గంగలో దీపము వదలుచున్నాడు. దీనిని తప్పుపట్టు వైరాగ్యము నాకు లేదు. నందన కరువు తెలిసినవాడెవ్వడును వేగమును నిందింపడు.

చెన్నపట్టణము చేరిన పిమ్మట వీరాస్వామయ్య గారు అధిక కాలము జీవింపలేదు. కరువు కాలములందు అన్నార్తులకు తమ యింట భోజనము పెట్టించిన దాతగా శ్రీనివాస పిళ్ళె గారు ఆయనను స్మరించిరి. 1836లో ఆయన దేహయాత్ర ముగిసెను. యాత్రా వృత్తాంతము అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు కలుగలేదు. శ్రీనివాస పిళ్ళె గారు ఉత్తరములను కూర్చి, మిత్రుని జీవితమును సంగ్రహముగా వ్రాసి చేర్చి, 1838లో కాశీయాత్ర చరిత్ర యను పేర ముద్రింపించిరి. 1869లో అది మరల అచ్చుపడెను. పిదప చాలకాలము దొరకుట దుర్లభమై యుండగా బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావు గారు శ్రమపడి సంపాదించి, పరిష్కరించి, విషయ వివరణములతో 1941లో ప్రకటించిరి. న్యాయస్థానపు మనుష్యుడు వ్రాసినదానిని నూరేండ్లకు మరియొక న్యాయస్థానపు మనుష్యుడు బ్రదికించుట ఒక చిత్రము.

ఆ గ్రంథపు భాష కావ్యభాష కాదు. చెన్నపట్టణమున అప్పటివారు మాటలాడుకొన్న తెలుగు. అందు హిందుస్తానీ, ఇంగ్లీషు, అరవ పదములు యథేచ్ఛగా కలిసియుండును. ప్రబంధములకు అలవాటుపడినవారికి మొదట పది పుటలు గరుకుగా తోచును. పిదప ఆ గరుకుతనమే బాటవలె కాలికి అలవడును. వ్యవహారిక భాషను గూర్చి వాదములు పుట్టుటకు ఎంతో ముందుగనే ఒక ఉద్యోగి స్నేహితునికి ఉత్తరము వ్రాయుచు తెలుగున తొలి యాత్రాచరిత్రను వ్రాసివేసెను; అట్టిదొకటి తాను వ్రాయుచున్నానని ఆయనకు తెలిసియుండదు.

మన గ్రంథాలయమున ఈ పుస్తకము ప్రతి యొకటి చరిత్ర గ్రంథముల బీరువాలో కలదు. బాపట్ల, ఒంగోలు ప్రాంతపు మజిలీలు చివరి భాగమున వచ్చును. మొదటి నుండి చదువుటకు తీరిక లేని చందాదారులు అచ్చటనే ప్రారంభింపవచ్చును. ఎరిగిన ఊళ్ళ పేర్లు, వాని నడుమ నాటి దూరములు కనబడును గనుక విసుగు పుట్టదు. అటుపై వెనుకకు తిరిగి కృష్ణ దాటి, గోదావరి దాటి, జగన్నాథము మీదుగా కాశివరకు పోవచ్చును.